దూరం నుంచి అందించే ఇంటి వైద్య సేవ: కిట్లు కొనే ముందు వేయవలసిన లెక్కలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట మండలాల్లో ఎక్కువగా ఒంటరిగానో, వృద్ధ దంపతులుగానో ఉంటున్న పెద్దవారి బీపీ, షుగర్, ఆక్సిజన్‌లను ఇంటి దగ్గరే కొలిచి, దూరం నుంచి గమనించే సేవను మొదటి ఏడాది 300 మందితో ప్రారంభించాలనుకుంటున్నారు. నెలవారీ రుసుము హైదరాబాదులోనూ విదేశాల్లోనూ ఉన్న వారి పిల్లలు చెల్లిస్తారు. కిట్లకు, యాప్‌కు కొటేషన్లు వచ్చాయి. అమలుకు ముందే మొత్తం సేవకు ఒక నమూనా తయారు చేసుకుని పరీక్షించడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ సందేహం.

సాఫ్ట్‌వేర్ సంగతి చిన్నది కనుక ముందే చెప్పేస్తాను. మొదట్లో ఎక్సెల్ పట్టిక చాలు. మీ బృందంలో పైథాన్ తెలిసినవారు ఉంటే, క్యూలనూ ఆలస్యాలనూ వందల రోజుల పాటు నడిపి చూడడానికి సిమ్‌పై అనే ఉచిత లైబ్రరీ ఉంది. పని ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తుందో బొమ్మగా గీయడానికి బీపీఎంఎన్ అనే గుర్తుల పద్ధతి ఉంది. అయితే వీటిలో దేన్ని తెరవాలన్నా, నమూనా దేనికి కావాలో ముందు తేల్చుకోవాలి. కొటేషన్లు పంపినవారు మీకు చూపించేది కొలత ఎంత కచ్చితంగా వస్తుంది, తెర మీద ఎంత అందంగా కనిపిస్తుంది అన్నదే. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇంటి వైద్య బృందాలను నడిపిన అనుభవంతో నేను చెప్పగలిగింది ఏమిటంటే, ఆ కుటుంబాలు మీకు డబ్బు కట్టేది కొలిచినందుకు కాదు, కొలత చెడుగా వచ్చినప్పుడు ఎవరో ఒకరు సకాలంలో స్పందిస్తారన్న నమ్మకానికి. కాబట్టి ఆ స్పందననే మీరు నమూనాగా రాసుకోవాలి. కిట్లు, యాప్, సర్వర్ అన్నీ దాని తరువాతే.

ఒక్క రీడింగు ప్రయాణాన్ని కాగితం మీద రాయడంతో మొదలుపెట్టండి. చందంపేట మండలంలోని ఒక తండా అనుకోండి. ఉదయం 6 గంటల 40 నిమిషాలకు అరవై ఎనిమిదేళ్ల ఒక అమ్మ బీపీ మిషన్ పట్టీ చేతికి చుట్టుకుని మీట నొక్కితే 172/104 వచ్చింది. ఆ అంకె బ్లూటూత్ ద్వారా ఫోనుకు చేరాలి, ఫోనేమో కోడలిది. పత్తి ఏరే రోజులు కావడంతో కోడలు ఆరింటికే కూలి ఆటో ఎక్కి వెళ్లిపోయింది, ఫోను కూడా ఆమె వెంటే వెళ్లింది. ఆమె సాయంత్రం తిరిగి వచ్చి, యాప్ తెరిచి, సిగ్నల్ అందే చోటికి ఫోను తీసుకువెళ్లేసరికి 6 గంటల 10 నిమిషాలయింది. అప్పుడు హైదరాబాదులో రీడింగులను గమనించే మీ డెస్కు తెర మీద ఆ పేరు ఎర్రగా వెలిగింది. అప్పటికి ఆ కొలత పదకొండున్నర గంటల పాతది.

ఇప్పుడు డెస్కులో కూర్చున్న నర్సు ఏం చేయాలి? ఆ రీడింగు ఇప్పటిదే అనుకుని కంగారుపడి 108కి ఫోన్ చేయించాలా, మళ్లీ కొలవమని చెప్పాలా, చెబితే ఎవరికి చెప్పాలి, ఆ ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తకపోతే రెండో నంబరు ఎవరిది, ఆ రెండో నంబరు మనిషి హైదరాబాదులో ఉండి తానూ ఏమీ చేయలేని స్థితిలో ఉంటే మూడో మనిషి ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికే వరకు ఆ పేజీని వదలకండి. ప్రతి అడుగు పక్కన మూడు గడులు ఉండాలి: ఈ పని ఎవరిది, ఎన్ని నిమిషాల్లో జరగాలి, ఆ సమయంలో జరగకపోతే తరువాత ఎవరిది. ఈ ఒక్క కథ రాయగానే మీ యాప్‌లో లేని రెండు అవసరాలు బయటపడతాయి. ప్రతి రీడింగుకూ కొలిచిన సమయం, చేరిన సమయం వేర్వేరుగా నమోదు కావాలి. ఫోను మీద ఆధారపడకుండా సిమ్ కార్డు ఉన్న మిషన్లు ఏ ఇళ్లకు కావాలో ఇల్లిల్లూ తిరిగి ముందుగానే తేల్చాలి. కొటేషన్ మీద బేరమాడవలసింది ఈ రెండింటి గురించి.

ఇటువంటి కథలు ఇంకో పది, పన్నెండు రాయండి. అందులో ఒకటి నల్లమలలోని చెంచు పెంటకు (చెంచుల చిన్న గూడేనికి) సంబంధించినది కావాలి, అక్కడ సిగ్నలే అందదు కనుక దూరం నుంచి గమనించడం అనే మాటకు అర్థమే మారిపోతుంది. అటువంటి చోట మిషన్ జ్ఞాపకంలో దాచుకున్న వారం రీడింగులను నర్సు వెళ్లినప్పుడు దించుకోవడమే సేవ. దానికి రోజువారీ గమనింపు అని పేరు పెట్టి రుసుము తీసుకోవడం సరికాదు. మరొక కథ మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ పీడిత గ్రామాలది ఉండాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దశాబ్దాల పాటు అంతకు మించిన నీళ్లు తాగిన తరం అక్కడ ఇంకా ఉంది, మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంత మాత్రాన వారి ఎముకలు మునుపటిలా కావు. బీపీ కొలిచే శిక్షణ వీడియోలో వెన్ను ఆనించి కూర్చోండి, చేయి బల్ల మీద గుండె ఎత్తున చాపండి అని ఉంటుంది. వెన్ను బిగుసుకుపోయి, మోచేయి చాపలేని మనిషి ఆ వీడియో చూసి ఏం చేయగలరు? ఆ ఇంట్లో కొలత తీసుకోవడానికి మరో మనిషి సాయం కావాలి, సమయం రెట్టింపు పడుతుంది, రీడింగులో తేడా కూడా ఎక్కువ ఉండవచ్చు. ఇవన్నీ మీ పట్టికలో అంకెలుగా కనిపించాలి.

ఏ అంకె దాటితే ఎవరు కదలాలన్నది మీరో, యాప్ తయారు చేసినవారో నిర్ణయించే విషయం కాదు. ఆ బాధ్యత తీసుకునే డాక్టరు సంతకంతో రాతలో ఉండాలి. ఆసుపత్రిలో 140/90ని ఎక్కువ బీపీకి గీతగా తీసుకుంటే, ఇంట్లో కొలిచిన సగటుకు 135/85ని తీసుకుంటారు. ఇంటి కొలతకు ఒక పద్ధతి కూడా ఉంది. ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చుని, ఒక నిమిషం తేడాతో రెండు సార్లు, ఉదయం సాయంత్రం, వారం పాటు కొలిచి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు తీస్తారు. అంటే ఒక్క ఎక్కువ రీడింగు దానంతట అదే రోగం కాదు. మరోవైపు 180/120 దాటి, దానితోపాటు ఛాతీలో నొప్పి, మాట తడబడడం, చూపు మసకబారడం వంటివి ఉంటే క్షణం ఆగకూడదు. షుగర్ 70 కంటే తగ్గితే ముందు తీపి పెట్టి పావుగంటకు మళ్లీ చూడాలి, మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ గోళ్ల రంగు వల్ల, చల్లబడిన వేళ్ల వల్ల తప్పు చూపుతుంది. బీడీలు బాగా తాగేవారిలో ఉన్నదాని కంటే మెరుగ్గా చూపే అవకాశం ఉంది. ఈ వివరాలు డెస్కు నర్సు ఎదురుగా ఒకే పేజీలో ఉండాలి.

ఇక అంకెలకు వద్దాం. నేను తీసుకుంటున్నవి ఊహలే, మీ ఇళ్ల సర్వే పూర్తయ్యాక వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. 300 మంది రోజుకు రెండు రీడింగుల చొప్పున పంపితే 600. నిజంగా పట్టించుకోవలసినవి నూటికి ఒకటి అనుకుంటే 6. మీ హెచ్చరిక గీతలు అటువంటివాటిలో 95 శాతాన్ని పట్టుకుంటాయి, మంచి రీడింగుల్లో 4 శాతాన్ని పొరపాటున ఎర్రగా చూపుతాయి అనుకుందాం. మిగిలిన 594లో 4 శాతం అంటే సుమారు 24. మొత్తం రోజుకు 30 హెచ్చరికలు, వాటిలో ఐదింట నాలుగు వట్టివి. మిషన్లు మంచివే అయినా ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే ప్రమాదం అరుదైనప్పుడు చిన్న పొరపాటు శాతం కూడా నిజమైన ప్రమాదాల సంఖ్యను మించిపోతుంది. కొన్నాళ్లకు డెస్కు నర్సుకు ఎరుపు రంగు అలవాటైపోతుంది. ఆ ఆరు నిజమైన హెచ్చరికల్లో ఒకటి ఆ అలవాటులోనే జారిపోతుంది. యాప్ అమ్మేవారు సున్నితత్వం (నిజమైన ప్రమాదాలను పట్టుకునే శాతం) పెంచాం అని గొప్పగా చెప్పినప్పుడు, దానితోపాటు వట్టి హెచ్చరికలు ఎన్ని పెరుగుతాయని తప్పక అడగండి.

ఒక్కో హెచ్చరికకు 12 నిమిషాలు పడుతుందనుకోండి. ఫోన్ చేయాలి, ఎత్తకపోతే మళ్లీ చేయాలి, కూర్చోబెట్టి మళ్లీ కొలిపించాలి, మాత్ర వేసుకున్నారో లేదో అడగాలి, రాసుకోవాలి. 30 హెచ్చరికలకు 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. ఎనిమిది గంటల డ్యూటీ చేసే ఒక నర్సుకు ఇది సరిపోయినట్టే కనిపిస్తుంది, చాలామంది ప్రణాళిక ఇక్కడే ఆగిపోతుంది. అయితే హెచ్చరికలు రోజంతా సమానంగా పరుచుకుని రావు. ఊళ్లో పొద్దున్నే లేచి, పరగడుపున షుగర్ చూసుకుని, ఆ వెంటనే బీపీ కూడా చూసుకుంటారు. మూడింట రెండు వంతులు ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్యే వస్తాయనుకుంటే, ఆ 180 నిమిషాల్లో 20 హెచ్చరికలకు 240 నిమిషాల పని పడుతుంది. తొమ్మిదింటికి ఇంకా గంట పని మిగిలే ఉంటుంది. ఆ సమయంలో వచ్చిన హెచ్చరిక నిజమైనదైతే, దాని వంతు రావడానికి గంట పడుతుంది.

క్యూల లెక్కకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త 1909లో టెలిఫోన్ కాల్స్ మీద ప్రచురించిన లెక్కలతో అది మొదలైంది. అందులో అత్యంత సరళమైన సూత్రం మీకు చాలు. పని వచ్చే తీరూ, ఒక్కో పనికి పట్టే సమయమూ ఒక క్రమం లేకుండా ఉన్నప్పుడు, ఒకే మనిషి తన సమయంలో సగం పనిలో ఉంటే, వచ్చిన పని సగటున ఒక పని కాలమంత, అంటే మన లెక్కలో 12 నిమిషాలు ఆగుతుంది. మనిషి 80 శాతం పనిలో ఉంటే నాలుగు రెట్లు, అంటే 48 నిమిషాలు; 90 శాతమైతే తొమ్మిది రెట్లు, అంటే 108 నిమిషాలు. సిబ్బందిని పూర్తిగా వాడుకుంటున్నామని సంతోషించే యాజమాన్యం, రోగి నిరీక్షణ ఎంత పెరిగిందో ఈ లెక్క చూసుకోకుండా గ్రహించదు. అత్యవసర స్పందన ఇచ్చే కుర్చీ కొంత ఖాళీగా ఉండడం అవసరమని మీ పెట్టుబడిదారులకు ముందే, రాతపూర్వకంగా చెప్పండి.

దీనికి మరో మనిషిని పెట్టడమే మార్గం అనుకోకండి. ఎక్కువ రీడింగు వచ్చిన వెంటనే మిషనే ఐదు నిమిషాల తరువాత మళ్లీ కొలవమని అడిగేలా చేస్తే, వట్టి హెచ్చరికలు సగం తగ్గాయనుకుందాం. 30 కాస్తా 18 అవుతాయి. పరగడుపు షుగర్‌ను ఉదయానికే ఉంచి, బీపీలో కొంత భాగాన్ని సాయంత్రానికి మార్చి, ఉదయం సగం, సాయంత్రం సగం వచ్చేలా చేస్తే ఉదయం మూడు గంటల్లో 9 మాత్రమే వస్తాయి. 108 నిమిషాల పని, 60 శాతం భారం, సగటు నిరీక్షణ 18 నిమిషాలు. ఎవరెవరికి రోజూ కొలత అవసరం, ఎవరికి వారానికి రెండు రోజులు చాలు అన్నది డాక్టరు నిర్ణయిస్తే ఇంకా తగ్గుతుంది. అందరికీ రోజూ షుగర్ చూడాలన్న నియమం ఏదీ లేదు, స్ట్రిప్పుల ఖర్చు చూసినా అది మంచిది కాదు. ఒక్క రూపాయి సామగ్రి కొనకుండానే నిరీక్షణను ఇంతగా మార్చగలిగారు. నమూనా ముందే రాసుకుంటే కలిగే ప్రయోజనం ఇదే.

హెచ్చరికల పక్కనే మరో వరుస పెట్టండి, చాలా ప్రణాళికల్లో అది కనిపించదు. ఏ రీడింగూ రాకపోవడం. మిషన్ బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, అమ్మ బిడ్డ ఇంటికి వెళ్లి ఉండవచ్చు, పడిపోయి లేవలేని స్థితిలోనూ ఉండవచ్చు. తెర మీద ఈ మూడూ ఒకే రకంగా ఖాళీగా కనిపిస్తాయి. నా అనుభవంలో ఎక్కువ రీడింగుల కంటే రాని రీడింగుల కోసం చేసే ఫోన్లే ఎక్కువ. ఒంటరిగా ఉండేవారికి ఎన్ని గంటలు, మనుషులు ఉన్న ఇంటికి ఎన్ని గంటలు నిశ్శబ్దాన్ని ఓర్చుకోవచ్చో విడివిడిగా రాసుకోండి. కురుమూర్తి జాతర, చెరువుగట్టు జాతర రోజుల్లో, సంక్రాంతి, దసరా సెలవుల్లో ఊళ్లకు ఊళ్లే కదులుతాయి కనుక, ఎక్కడికైనా వెళ్తుంటే ముందుగా ఒక మిస్డ్ కాల్ ఇచ్చే అలవాటు చేయించండి. ఆ రోజుల్లో మీ నర్సులు కూడా సెలవు అడుగుతారని మరవకండి.

రాత్రి విషయం మీ పట్టికలో తప్పక ఉండాలి. ఇరవై నాలుగు గంటల సేవ అని కరపత్రంలో రాయడం సులువే. వారానికి 168 గంటలు, మనిషికి 48 గంటల పని అయితే ఒక్క కుర్చీ నిండడానికి మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు, మధ్యలో మానేసి వెళ్లేవారు కలిపితే ఐదుగురు లేనిదే ఆ కుర్చీ నిలవదు. కుర్చీ నిండినా, రాత్రి రెండింటికి వారు ఏం చేయగలరు? శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి మార్గాన్ని సాధారణ వాహనాలకు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు కనుక, అటువైపు నర్సును రాత్రి పంపుతామన్న ఊహకు నమూనాలో చోటు లేదు. రాత్రి మీరు చేయగలిగేది ఫోన్‌లో మాట్లాడడం, 108ని పిలిపించడం, ఆసుపత్రికి ముందే సమాచారం ఇవ్వడం, ఇంతే. ఈ మూడూ విలువైనవే. వాటినే కుటుంబానికి స్పష్టంగా చెప్పి, అంతకు మించి మాట ఇవ్వకండి.

పక్షవాతం ఒక్కదాన్నే తీసుకుని రాత్రి వరుసను పరీక్షించండి. మెదడులో గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేల్చాకే. మూతి వంకర పోయిందని గమనించేది ఎవరు, వారు ముందు ఫోన్ చేసేది మీకా, ఊళ్లో ఆర్‌ఎంపీకా, 108కా, అక్కడి నుంచి ఆ రాత్రి స్కానూ డాక్టరూ ఇంజెక్షనూ మూడూ ఉండే ఆసుపత్రి ఏది, దారిలో రెండు చోట్ల ఆగితే ఎంత సమయం పోతుంది అన్నది ఒక్కో మండలానికీ విడిగా రాయండి. ఆర్‌ఎంపీ పేరు ఎందుకు తెచ్చానో మీరు ఆ ప్రాంతం వారే కనుక తెలుసు. చట్టం ఆయనను డాక్టరుగా గుర్తించకపోయినా, మన ఊళ్లలో అర్ధరాత్రి తలుపు కొట్టేది ఆయన ఇంటిదే. పని ఎవరి నుంచి ఎవరికి వెళ్తుందో గీసే మీ బొమ్మలో ఆయన లేకపోతే బొమ్మ అబద్ధం చెబుతుంది. ఆయన చేత చికిత్స చేయించమని నేను అనడం లేదు. సెలైను ఎక్కించి తెల్లారే వరకు చూద్దాం అనకుండా వెంటనే 108కి, ఆ తరువాత మీకు ఫోన్ చేసేలా ఆయనతో ముందుగా మాట్లాడుకోవాలని అంటున్నాను.

ఇంటికి వెళ్లే నర్సుల లెక్క వేరు. మ్యాపులో రెండు ఊళ్ల మధ్య గీత గీసి దూరం కొలవకండి. నేరేడుగొమ్ము, చందంపేట వైపు సాగర్ వెనుక జలాల అంచున ఉన్న ఊళ్లు మ్యాపులో పక్కపక్కనే ఉంటాయి, రోడ్డు మాత్రం చుట్టూ తిరిగి వెళ్తుంది. బండి మీద ఒకసారి ఆ దారులన్నీ తిరిగి, ఒక్కో దారికి పట్టే నిమిషాలు రాసుకోండి. ఇంటి నుంచి ఇంటికి 40 నిమిషాలు, ఇంట్లో 40, రాసుకోవడానికి 10 అనుకుంటే ఒక్కో సందర్శనకు గంటన్నర పడుతుంది. భోజనం, కిట్ సర్దుకోవడం పోగా మిగిలే ఏడున్నర గంటల్లో ఐదు ఇళ్లు. మీ 300 మందిలో 30 మందికి వారానికోసారి, 90 మందికి పదిహేను రోజులకోసారి, 180 మందికి నెలకోసారి వెళ్లాలంటే నెలకు 480 సందర్శనలు. 24 పనిదినాల్లో ఒక నర్సు 120 ఇళ్లకు వెళ్లగలరు కనుక నలుగురు చాలనిపిస్తుంది. కానీ ఆరింటిలో ఒక ఇంటికి తాళం వేసి ఉంటే నర్సుకు 100 మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఐదుగురు, సెలవుల కోసం ఆరో మనిషి అవసరమవుతారు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం బండి మీద పంపకూడదు కాబట్టి ఆ నెల రోజుకు నాలుగిళ్లే అనుకోండి. ఎండల్లో మనుషులే కాదు, స్ట్రిప్పులూ పాడవుతాయి. చాలా రకాల షుగర్ స్ట్రిప్పులను 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది, రేకుల ఇంట్లో అది సాధ్యం కాదు. తెరవని ఇన్సులిన్‌కు ఫ్రిజ్ తప్పదు. వాడుతున్న సీసాకు ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ బాగా పనిచేస్తుంది, అది మీ కిట్‌లో వస్తువుగా చేర్చండి. వాడిన సూదులు, లాన్సెట్లు వేయడానికి తెల్లని గట్టి డబ్బా నర్సు వెంట ఉండాలి.

డెస్కులో భాష సంగతి కూడా నియామకాలకు ముందే చూడాలి. దేవరకొండ, చందంపేట తండాల్లో వయసు మళ్లిన చాలామంది లంబాడా స్త్రీలు తెలుగులో బాగానే మాట్లాడతారు గానీ, నొప్పి ఎలా ఉందో చెప్పవలసి వచ్చేసరికి సొంత భాషలోకి వెళ్తారు. ప్రతి షిఫ్టులోనూ లంబాడీ మాట్లాడే మనిషి ఒకరు ఉండడం సేవ నాణ్యతకు సంబంధించిన విషయం.

చట్టం వైపు మూడు సంగతులు మీ బొమ్మ ఆకారాన్నే మార్చగలవు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి తానుగా డాక్టరును సంప్రదిస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. అదే ఆరోగ్య కార్యకర్తో, సంరక్షకులో మొదలుపెడితే రోగి స్పష్టమైన సమ్మతి తీసుకుని నమోదు చేయాలి. మీ సేవలో కాల్ ఎక్కువగా మీ డెస్కు నుంచే మొదలవుతుంది కనుక ఆ సమ్మతి ఎక్కడ, ఏ భాషలో తీసుకుంటారో బొమ్మలో ఒక గడిగా ఉండాలి. రెండోది, ఆ మార్గదర్శకాలు మందులను జాబితాలుగా విభజించాయి. కొన్నింటిని మొదటిసారి రాయాలంటే వీడియోలో చూడాలి, కొన్ని పాత చికిత్స కొనసాగింపుగా మాత్రమే రాయవచ్చు, నార్కోటిక్ మందుల వంటివి ఆ మార్గంలో రాయనే కూడదు. కాన్సర్ రోగులను చేర్చుకునే ఆలోచన ఉంటే నొప్పికి వాడే మార్ఫిన్ (అదీ నార్కోటిక్ మందే) ఎక్కడి నుంచి, ఎవరి చేతి మీదుగా అందుతుందో ముందే చూసుకోండి. మూడోది వ్యక్తిగత సమాచారం, దానికి 2023లో ప్రత్యేక చట్టమే వచ్చింది. డబ్బు కట్టేది కొడుకు, రీడింగులు తల్లివి. తన వివరాలు ఎవరెవరు చూడవచ్చో ఆమెను విడిగా కూర్చోబెట్టి అడగండి. కొడుకుకు చెప్పొద్దు అని ఆమె అంటే డెస్కు ఏం చేయాలన్నదానికి కూడా ముందే జవాబు ఉండాలి.

ప్రభుత్వ వ్యవస్థను మీ బొమ్మకు బయట ఉంచకండి. ముప్పై ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగర్ పరీక్షలు ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు చేస్తూనే ఉన్నారు, నెల నెలా మాత్రలు ఉచితంగా అందుతున్నాయి. పల్లె దవాఖానాల నుంచి ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడే సౌకర్యమూ ఉంది. మీ నర్సు అవే మాత్రలను వేరే బ్రాండు పేరుతో కొనిపిస్తే, ఆ అమ్మ రెండు డబ్బాల్లోనివీ మింగే ప్రమాదం ఉంది. చేర్చుకునే రోజునే ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మంచం మీద పరిచి, ఫొటో తీసి, డాక్టరుకు చూపించడం తప్పనిసరి పనిగా పెట్టండి. ఆశా కార్యకర్త మీ ఉద్యోగి కాదు. ఆమె మీద మీ హెచ్చరికల భారం వేయకూడదు, వేస్తే మూడు నెలల్లో ఆమె మీ ఫోన్ ఎత్తడం మానేస్తుంది. పీహెచ్‌సీ వైద్యాధికారిని ముందుగా కలిసి, మీరు ఏం చేస్తారో, ఏం చేయరో రాసి ఇవ్వండి.

ఖర్చు లెక్క క్లుప్తంగా చెబుతాను. డెస్కులో ఐదుగురికి తలా 20,000 అనుకుంటే నెలకు లక్ష రూపాయలు. 300 మంది మీద పంచితే ఒక్కొక్కరికి 333, వంద మందే చేరితే 1,000. ఆరుగురు నర్సులకు 25,000 చొప్పున లక్షన్నర, అంటే 300 మందికి తలా 500. డాక్టరు, బళ్లు, పెట్రోలు, స్ట్రిప్పులు ఇంకా కలపనేలేదు. కిట్ ధర ఒక్కసారి పెట్టేది, జీతాలు ప్రతి నెలా కట్టేవి. కాబట్టి కొటేషన్లలో కిట్ మీద రెండు వేలు తగ్గించుకోవడం కంటే, వంద మంది దగ్గర ఎన్ని నెలలు నిలదొక్కుకోగలరో తేల్చుకోవడం ముఖ్యం. ఆరు నెలలకే మూతపడితే నష్టపోయేది ఆ ఫోన్ కోసం ఎదురుచూడడం అలవాటైన పెద్దవారే.

ఇవన్నీ పట్టికలోకి వచ్చాక, కిట్లు కొనకుండానే ఒక రిహార్సల్ నడపండి. ఒక తండా, ఒక మండల కేంద్రం, ఫ్లోరైడ్ ప్రాంతంలోని ఒక ఊరు, సిగ్నల్ సరిగా లేని ఒక చోటు ఎంచుకుని ముప్పై ఇళ్లు తీసుకోండి. మామూలు బీపీ మిషన్లు, ఒక నోటు పుస్తకం, ఒక ఫోన్ చాలు. రీడింగును ఫోన్‌లో చెప్పమనండి, డెస్కులో చేత్తో రాయండి. ప్రతి కాల్‌కు ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్నోసారికి ఎత్తారు, ఎవరు ఎత్తారు అన్నది నమోదు చేయండి. మధ్యలో ముందుగా చెప్పకుండా కొన్ని ఉత్తుత్తి అత్యవసరాలు పెట్టండి. ఉదయం ఏడింటికి ఒకటి, భోజన సమయంలో ఒకటి, రాత్రి రెండింటికి ఒకటి ఉండాలి. కుటుంబాల అనుమతి ముందే తీసుకోండి, 108కి మాత్రం ఉత్తుత్తి కాల్ వెళ్లకూడదు. ఈ రిహార్సల్‌లో వచ్చిన అంకెలను నేను పైన ఊహించిన 12 నిమిషాలు, 4 శాతం, ఆరింట ఒకటి స్థానాల్లో పెట్టి పట్టికను మళ్లీ నడపండి. సిమ్‌పై అవసరం ఉంటే ఈ దశలోనే ఉంటుంది, ఎందుకంటే సగటు అంకె మాత్రమే కాకుండా అత్యంత చెడ్డ రోజు ఎలా ఉంటుందో అది చూపిస్తుంది. ఒక్కో ఊహను రెట్టింపు చేసి, సగం చేసి చూడండి. ఏ అంకె మారితే మొత్తం ఫలితం తలకిందులవుతుందో, దాన్ని ఇంకోసారి క్షేత్రంలో కొలవండి.

రిహార్సల్ మొదలుపెట్టే ముందే, ఏ పరిస్థితిలో ఆపేస్తామో బృందమంతా సంతకం చేసి పెట్టుకోండి. నిజమైన హెచ్చరికకు అరగంటలోపు మనిషి గొంతు వినిపించని సందర్భాలు పదింట ఒకటి దాటినా, రాత్రి రెండింటి ఉత్తుత్తి అత్యవసరంలో మూడు నంబర్లలో ఒక్కరూ పలకకపోయినా, కిట్ల ఆర్డరు వాయిదా వేసి ఆ లోపాన్ని సరిచేసి, మళ్లీ అవే ముప్పై ఇళ్లతో నడపండి. పట్టిక తయారయ్యాక మండలాల వారీ దారి నిమిషాలు, కాల్ నిమిషాలు ఇక్కడ పెడితే, నర్సుల రూట్లు ఎలా విడగొట్టాలో, డెస్కు షిఫ్టులు ఎలా అమర్చాలో మీతో కలిసి చూస్తాను.